బాల్కనీకి మూడు మెట్ల మొక్కల స్టాండ్ ఇంట్లోనే చేసుకోవాలంటే: ఏ కర్ర, ఏ పాలిష్, నీళ్ళ సంగతేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఐదడుగుల వెడల్పున్న తూర్పు బాల్కనీ. కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న మొక్కలు, పది అంగుళాల మట్టి కుండీలు తొమ్మిది. నిరుడు కొన్న రెడీమేడ్ చెక్క స్టాండ్ ఒక్క వానాకాలానికే కాళ్ళు నల్లబడి కీళ్ళు వదిలేసింది. ఈసారి మీ దగ్గరున్న డ్రిల్లు, జిగ్‌సా, చేతి రంపం, ఉలితో మీరే చేద్దామనుకుంటున్నారు. టేకే కొనాలా, పైన్ సరిపోతుందా, పాలిష్ పనివాళ్ళు చెప్పినట్టు పీయూ (పాలీయురేథేన్ పాలిష్) కొట్టించాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కూల్చిన పాత ఇళ్ళ టేకు దొరికితే అదే తీసుకోండి, కొత్త టేకు కన్నా నయం. అది దొరక్కపోతే పైన్‌తో చేసి, ఆరు వైపులా ప్రైమర్, ఎనామిల్ పెయింట్ వేయండి. టేకు మీద పీయూ వద్దు. నూనె, వార్నిష్, టర్పెంటైన్ కలిపిన మిశ్రమం గుడ్డతో పట్టించి, ఏడాదికోసారి చూసి అవసరమైతే మళ్ళీ పూయండి. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు ఎక్కడా నిలవని విధంగా స్టాండ్‌ను గీసుకోండి. మీ పాత స్టాండ్ పోయింది కర్ర నాసిరకం కావడం వల్ల మాత్రమే అనుకుంటే, రేపు టేకుతో చేసినా అదే గతి పట్టొచ్చు.

నేను వడ్రంగిని కాను. ఉద్యోగం చేస్తూనే రాజమండ్రిలో మా ఇంటి కారు షెడ్డులో చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పక్క వీధి వడ్రంగి మేస్త్రి దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ. మా గోదావరి గాలి తేమకి చెక్క ఎలా ప్రవర్తిస్తుందో చూశాను, హైదరాబాద్‌లో బంధువుల ఇళ్ళకి చేసి పంపినవి అక్కడి ఎండకి ఎలా ఉన్నాయో కూడా చూశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

నల్లబడటం కాళ్ళ దగ్గరే ఎందుకు మొదలైంది?

కర్రలో నీళ్ళు పోయే సన్నటి గొట్టాలు నిలువునా ఉంటాయి. చెట్టు బతికున్నప్పుడు వేళ్ళ నుంచి ఆకులకి నీళ్ళు ఎక్కింది వాటిలోంచే. కర్రను అడ్డంగా కోసిన చోట ఆ గొట్టాల నోళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి. స్టాండ్ కాలి అడుగుభాగం సరిగ్గా అలాంటి అడ్డకోత ముఖమే. బాల్కనీ టైల్స్ మీద పలచగా నిలిచిన నీళ్ళలో కాలు రాత్రంతా ఉంటే స్ట్రాల కట్టను గ్లాసులో నిలబెట్టినట్టే, నీళ్ళు పైకి లాగుతుంది. పక్క ముఖాల నుంచి ఇంకే నీళ్ళ కన్నా అడ్డకోత నుంచి ఎక్కేవి ఎన్నో రెట్లు ఎక్కువ. దుకాణంలో కొన్న స్టాండ్‌కు కనిపించే ముఖాలన్నీ తళతళలాడుతుంటాయి, కాలి అడుగున మాత్రం పచ్చి చెక్క ఉంటుంది. మీ పాత స్టాండ్ ఇంకా పారేయకపోతే తిరగేసి చూడండి.

అందుకని కాళ్ళు కోశాక, బిగించకముందే, అడుగు ముఖానికి సన్నటి ఎపాక్సీ పూయండి. హార్డ్‌వేర్ షాపుల్లో రెండు ట్యూబులుగా అమ్మే ఎపాక్సీలో నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకుని, ట్యూబులు ఎండలో పెట్టి కొంచెం వెచ్చబరిస్తే పలచబడి బాగా లోపలికి ఇంకుతుంది. మొదటి పూత పీల్చేసుకుంటుంది, రెండోది పైన నిలుస్తుంది. తర్వాత కాలు నేలకి తగలకుండా కింద నైలాన్ లేదా గట్టి రబ్బరు బిళ్ళ స్క్రూతో బిగించండి. కుర్చీ కాళ్ళకి తొడిగే టోపీలాంటి రబ్బరు బుష్‌లు మాత్రం వద్దు. నీళ్ళు ఆ టోపీలోకి దిగి బయటికి రావు, అంటే కాలికి మీరే ఒక చిన్న గిన్నె కట్టినట్టు అవుతుంది. మా వీధిలో ఒకాయన శ్రద్ధగా అవే తొడిగి, కాళ్ళు ఎందుకు మెత్తబడ్డాయని నన్ను పిలిచి చూపించాడు.

కర్ర సంగతి

టేకు అని బోర్డు పెట్టినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. నీళ్ళకీ చెదలకీ తట్టుకునేది టేకులోని చేవ భాగమే. చుట్టూ ఉండే లేత రంగు తెల్లచెక్కకి ఆ గుణం లేదు, పురుగు ముందు పట్టేది దానికే. అడితిలో ఇప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చే తోటల టేకు ఎక్కువ. త్వరగా పెంచి కోసిన చిన్న దుంగల్లో తెల్లచెక్క వాటా పెద్దది. ధర తక్కువని తీసుకుంటే ఒక్కో పలకలో సగం తెల్లగా ఉంటుంది. చేవ బంగారు గోధుమ రంగులో, ముట్టుకుంటే కొంచెం జిడ్డుగా, కోస్తే తోలు వాసన లాంటి ఘాటుతో ఉంటుంది. ఆదిలాబాద్, బల్లార్షా వైపు నుంచి వచ్చే ముదురు టేకు మంచిదే కానీ మొక్కల స్టాండ్‌కి అంత డబ్బు పోయడం నాకు మనసొప్పదు.

అందుకే పాత కలప అమ్మే దుకాణాలు చూడమంటున్నాను. పెంకుటిళ్ళు, పాత డాబాలు కూల్చినప్పుడు వచ్చే కిటికీ చట్రాలు, గుమ్మాల కమ్మీలు, దూలం ముక్కలు అక్కడ దొరుకుతాయి. దశాబ్దాలుగా ఎండి ఉంటాయి కాబట్టి ఇక మెలితిరగడం చాలా తక్కువ. రెండు జాగ్రత్తలు. ఒకటి, పాత మేకులు. అయస్కాంతాన్ని పలక మీద మెల్లగా నడిపిస్తే లోపల విరిగిపోయిన మేకు ఎక్కడుందో పట్టిస్తుంది, లేకపోతే మీ రంపం పళ్ళు పోతాయి. రెండు, పాత పెయింట్. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదనే నిబంధన అమలైంది 2017 నవంబర్ నుంచే. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్స్‌లో సీసం ఉందనే అనుకోవాలి. వాటిని పొడిగా సాండింగ్ చేయొద్దు (గరుకు కాగితంతో రుద్దొద్దు), ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలొద్దు. నీళ్ళతో తడుపుతూ గీకండి, లేదా పేపర్ మీద పెట్టి పెయింట్ రిమూవర్‌తో తీసేసి ఆ చెత్తను మూటకట్టి పారేయండి. రంగు వేయని ముక్కలు ఏరుకుంటే ఈ గొడవే ఉండదు.

పైన్ గురించి. అది చెడ్డ కర్ర కాదు, కోయడానికి సుఖం, మొదటిసారి చేసేవాళ్ళకి అంతకన్నా మంచిది లేదు. కానీ తడి తగిలే చోట దానంతట అది నిలవదు, పెయింటే కాపాడాలి. ప్యాకింగ్ పాలెట్ల చెక్క వాడేట్టయితే దాని మీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర చూడండి. అంతర్జాతీయ రవాణాకి వాడే చెక్క పెట్టెలకి ఆ ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేశారని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో చేశారని అర్థం. ఎంబీ ఉన్నది వదిలేయండి. ముద్ర ఉన్నా లేకపోయినా నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్నది కూడా వద్దు.

మామిడి చెక్క చవకే గానీ పురుగుకి ప్రీతి. నల్లతుమ్మ బండి చక్రాలకి వాడిన మొండి కర్ర, బాల్కనీని ఇట్టే తట్టుకుంటుంది, కానీ మీ జిగ్‌సా దాని ముందు ఏడుస్తుంది. రబ్బర్‌వుడ్ పలకలు చూడటానికి బాగుంటాయి, హాల్లో అయితే సరే, బాల్కనీలో బూజు పడతాయి. చెక్క పొడిని, పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్ గురించి అడక్కండి.

తెచ్చిన కర్ర ఎండిందో లేదో చూసుకోవాలి. తేమ మీటర్ ఉంటే 10 నుంచి 12 శాతం దగ్గర ఉన్నది తీసుకోండి. లేకపోతే ఒక చిన్న ముక్క కోసి వంటింటి త్రాసులో తూచి బరువు రాసిపెట్టండి. వారం వారం తూస్తే తగ్గుతూ ఉంటుంది. తగ్గడం ఆగిందంటే కర్ర మీ ఇంటి గాలికి అలవాటు పడిందన్నమాట, అప్పుడు పని మొదలుపెట్టండి.

బరువు ఎంత, కొలతలు ఎంత

పది అంగుళాల కుండీలో ఎనిమిది లీటర్ల పైచిలుకు మట్టి పడుతుంది. ఎర్రమట్టి తడిస్తే లీటరు కిలోన్నర దాటుతుంది. మట్టి కుండీ బరువుతో కలిపి ఒక్కోటి 16, 17 కిలోలు వేసుకోండి. తొమ్మిది కుండీలంటే దాదాపు 150 కిలోలు, అంటే ఇద్దరు పెద్దవాళ్ళు ఎప్పుడూ దాని మీద కూర్చుని ఉన్నట్టు. కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపితే ఈ బరువు బాగా తగ్గుతుంది, మొక్కలకీ మంచిదే.

మీకు సరిపోయే కొలత: పొడవు మూడడుగులు, ఒక్కో మెట్టు లోతు పది అంగుళాలు, మెట్ల ఎత్తు 8, 16, 24 అంగుళాలు. మొత్తం లోతు 30 అంగుళాలు అవుతుంది, ఐదడుగుల బాల్కనీలో మీరు నడవడానికి రెండున్నర అడుగులు మిగులుతుంది. ప్రతి పక్కకీ నాలుగు నిలువు కాళ్ళు: ముందుది 8, రెండోది 16, వెనక రెండూ 24. కాళ్ళకి రెండంగుళాల చదరం కర్ర, చిత్రిక పట్టాక 45 మిల్లీమీటర్లు వస్తుంది. అడ్డకమ్మీలు 2 అంగుళాలు బై 1 అంగుళం. మెట్టు పలకలు 3 అంగుళాల వెడల్పు, చిత్రిక పట్టాక ముప్పావు అంగుళం మందం. ఒక్కో మెట్టుకి మూడు పలకలు, మధ్యలో అర అంగుళం సందు. మూడు మూళ్ళు తొమ్మిది, రెండు సందులు ఒకటి, సరిగ్గా పది. మూడడుగుల పలక మధ్యలో వంగకుండా కింద ఒక కమ్మీ ఆసరా పెట్టండి. తరుగు పోయేదీ కలుపుకుంటే అంతా కలిపి ఒకటిన్నర ఘనపుటడుగుల కన్నా కొంచెం ఎక్కువ కర్ర చాలు. అడితివాడు మూడు తీసుకోమంటే నవ్వి ఊరుకోండి. చిత్రిక మాత్రం అక్కడే మిషన్ మీద పట్టించుకోండి, చేత్తో పట్టడం మొదలుపెడితే మీ ఆదివారాలన్నీ దానికే పోతాయి.

పది అంగుళాల ఒకే పలక ఎందుకు వెయ్యకూడదని కొందరు అడుగుతారు. రెండు కారణాలు. ఒకటి, కుండీ కింద నీళ్ళు జారిపోవడానికి, గాలి ఆడటానికి సందు కావాలి. రెండోది వాతావరణం. రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు కదా, ఇక కర్రెంత. మే నెల హైదరాబాద్ పొడి గాలిలో కర్ర తేమ 6 శాతం దాకా దిగిపోతుంది, శ్రావణంలో 14 దాకా ఎక్కుతుంది. తేమతో బాటు కర్ర అడ్డంగా ఉబ్బి, ఎండితే కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. టేకు ఈ విషయంలో బుద్ధిమంతురాలు. అయినా పది అంగుళాల పలక ఆ తేడాకి మూడు నాలుగు మిల్లీమీటర్లు కదులుతుంది. రెండు వైపులా కదలకుండా బిగిస్తే చీలడం ఖాయం. మూడంగుళాల పలక కదిలేది మిల్లీమీటర్ చుట్టుపక్కలే, అర అంగుళం సందు దాన్ని మింగేస్తుంది.

కీళ్ళు, స్క్రూలు

ఒక ముక్క కొసను ఇంకో ముక్క బెజ్జంలో దూర్చి వడ్రంగులు చేసే కుసి, బెజ్జం కీలుకి మించింది లేదు. కానీ మీ దగ్గరున్న పనిముట్లతో గాడి కీలు చాలు. కాలి మందంలో సగం లోతు గాడి తీసి కమ్మీని అందులో కూర్చోబెట్టడమే. అప్పుడు బరువు స్క్రూ మీద కాకుండా నేరుగా కర్ర మీద పడుతుంది. కమ్మీని కాలికి ఊరికే ఆనించి స్క్రూ కొడితే 150 కిలోలూ ఆ స్క్రూలే మోయాలి. మీ పాత స్టాండ్ కీళ్ళు వదలడానికి ఇది కూడా కారణం అయ్యుండొచ్చు.

గాడి తీయడానికి చేతి రంపమే మేలు. గాడి రెండంచుల దగ్గరా రెండు కోతలు, మధ్యలో నాలుగైదు కోతలు వేసి, ఉలితో ఆ బిళ్ళలు ఎగరగొట్టండి. ఒక మాట: ఒకే రకం ముక్కలన్నిటినీ పక్కపక్కన పేర్చి, మూలమట్టం పెట్టి, ఒకేసారి గీత గీయండి. ఒక్కోదాన్నీ టేపుతో వేరేగా కొలిస్తే ప్రతిదీ ఒక వెంట్రుకవాసి తేడా వస్తుంది, చివరికి స్టాండ్ అన్ని కాళ్ళ మీదా నిలబడకుండా ఊగుతుంది.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కాళ్ళ పై చివరలు కూడా అడ్డకోత ముఖాలే, అవి ఆకాశం వైపు తెరుచుకుని ఉండకూడదు. ప్రతి కాలి తలా మెట్టు పలక కింద దాగిపోయేలా చేయండి. నేను ఇచ్చిన కొలతల్లో ఆ ఏర్పాటు ఉంది. అలంకారం కోసం కాలిని పలక మీదికి రెండంగుళాలు పొడవు వదిలేవాళ్ళున్నారు, చూడటానికి బావుంటుంది, రెండు వానలకి తలలు పగుళ్ళిస్తాయి.

పలకల్ని పై నుంచి స్క్రూ కొట్టకండి. ప్రతి స్క్రూ తల చుట్టూ నీళ్ళు చేరే గుంట ఏర్పడుతుంది. రెండంగుళాల వైపు నిలువుగా ఉన్న కమ్మీ కింద నుంచి 10 మిల్లీమీటర్ల బిట్‌తో అంగుళం లోతు బెజ్జం వేసి, అందులోంచి ఒకటిన్నర అంగుళం స్క్రూ పైకి ఎక్కిస్తే అంగుళం కమ్మీలో, అర అంగుళం పలకలో పడుతుంది. ముందు సన్న బిట్‌తో దారి చేసుకోవడం మర్చిపోవద్దు, టేకు అంచుల దగ్గర తేలిగ్గా చీలుతుంది.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. హార్డ్‌వేర్ షాపులో స్క్రూ అనగానే చేతిలో పెట్టే నల్లవి జిప్సం బోర్డులకి వాడేవి. అవి పెళుసు, మెలితిప్పితే తల తెగుతుంది, తడికి తుప్పు పడతాయి. ఇనుప తుప్పూ కర్రలోని వగరూ కలిస్తే చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరక వస్తుంది, అది పాలిష్ కింద నుంచి కూడా కనిపిస్తుంది. మీకు 304 గ్రేడ్ సరిపోతుంది. విశాఖలో బీచ్ వైపు ఉండేవాళ్ళు అడిగితే మాత్రం 316 అంటాను. ఉప్పుగాలికి 304 మీద కూడా కొన్నాళ్ళకి గోధుమ చుక్కలు తేలతాయి.

జిగురు మామూలు తెల్లది వద్దు, నీళ్ళకి మెత్తబడుతుంది. ఫెవికాల్‌లోనే మెరైన్ అని నీళ్ళు తట్టుకునే రకం వేరే ఉంది. టేకుకి సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. అతికించే ముఖాల్ని ఎసిటోన్ లేదా థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాయండి. సాయంత్రం తుడిచి మర్నాడు రాస్తే లాభం లేదు, నూనె మళ్ళీ పైకి వచ్చేస్తుంది. క్లాంపులు లేకపోతే టెన్షన్ పడొద్దు. చట్రం చుట్టూ తాడు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెడితే క్లాంపులాగే బిగుస్తుంది. బిగించాక మూలనుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే చట్రం మూలలు లంబకోణంలో ఉన్నట్టు.

జిగురు రాయకముందు ఒకసారి మొత్తం పొడిగా కూర్చి చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం జిగురు నిమిషాల్లో పొర కడుతుంది, అప్పుడు ఏ ముక్క ఎక్కడిదో వెతుక్కునే టైముండదు.

సాండింగ్

80 నంబర్ గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 180, అంతే. నూనె పూతకి 220 దాటి నున్నగా చేయక్కర్లేదు, మరీ నునుపైతే నూనె ఇంకదు. ఎప్పుడూ పోగు (కర్ర నార) వెంబడే రుద్దండి. పదునైన అంచులన్నీ కాగితంతోనే గుండ్రం చేయండి, ఏ పూతైనా ముందు లేచిపోయేది పదునైన అంచు మీదే. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, దగ్గు తెస్తుంది. చెక్క పొడి ఏదైనా సరే, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే పెట్టింది. కాబట్టి ఎన్95 మాస్క్ పెట్టుకోండి. చేతి రుమాలు కట్టుకుంటే అది మీ తృప్తికే.

పీయూ ఎందుకు వద్దంటున్నాను

పీయూ మంచి పాలిష్. డైనింగ్ టేబుల్‌కి, తలుపు లోపలి వైపుకి నేనూ అదే చెప్తాను. అది కర్ర మీద గట్టి పొరలా నిలుస్తుంది. మొక్కల స్టాండ్ మీద ఆ పొరకి రోజూ పరీక్షే. కుండీ జరిపినప్పుడల్లా అడుగున ఇసక రేణువులు గీరుతాయి. ఆ గీతలోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి, పొర ఉండటం వల్ల బయటికి ఆరవు. కొన్నాళ్ళకి పొర కింద కర్ర నల్లబడి, పొర తెల్లగా పొట్టులా లేస్తుంది. బాగు చేయాలంటే మొత్తం గీకి మొదటి నుంచి వేయాలి. ఇంటి లోపల వాడే పీయూ అయితే తూర్పు ఎండకి పసుపెక్కుతుంది కూడా. మెలమైన్ పాలిష్ సంగతి ఇంకా అన్యాయం, అది పూర్తిగా ఇంటి లోపలి సరుకు. లక్క పాలిష్ మీద తడి కుండీ పెడితే తెల్ల వలయం పడుతుంది.

నూనె మిశ్రమం పొర కట్టదు, కర్రలోకి ఇంకుతుంది. ఎక్కడ వెలిసిపోతే అక్కడే గుడ్డతో రుద్దితే సరి. పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె), ఆయిల్ ఆధారిత క్లియర్ వార్నిష్, టర్పెంటైన్ సమానంగా కలపండి. పచ్చి అవిసె నూనె వద్దు, అది ఆరడానికి రోజులు పడుతుంది, వానాకాలంలో దాని మీద నల్ల బూజు పడుతుంది. నువ్వుల నూనె సరిగా ఆరదు, కొబ్బరి నూనె అసలు ఆరదు, దుమ్ము పట్టి జిగటగా ఉండిపోతాయి. పాత ఇంజిన్ ఆయిల్ పూయమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. పొలం గట్టు మీద గుంజకి పూసుకోనివ్వండి, మీరు మొక్కలు పెంచే చోట వద్దు.

గుడ్డతో ధారాళంగా పూసి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, ఇంకనిదంతా శుభ్రంగా తుడిచేయండి. తుడవకపోతే జిగటగా పేరుకుంటుంది. మర్నాడు మళ్ళీ. మొత్తం మూడు పూతలు. అడ్డకోత ముఖాలు, పలకల అడుగు మాత్రం పీల్చడం మానేదాకా పూస్తూనే ఉండండి. జిగురు అతికే చోట్లు వదిలేసి మిగతాదంతా బిగించకముందే ఒక పూత పూస్తే, తర్వాత చేయి దూరని చోట్లు కూడా వదలకుండా వస్తాయి. వాన పడుతున్న రోజు పూయొద్దు. అంతా అయ్యాక కుండీలు పెట్టడానికి రెండు వారాలు ఆగండి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. అగ్గిపుల్ల అక్కర్లేదు. పని కాగానే గుడ్డల్ని ఒక్కొక్కటీ విప్పి బయట తీగ మీద ఆరేయండి, లేదా మూత ఉన్న డబ్బాలో నీళ్ళలో ముంచి ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

పైన్‌తో చేస్తే దారి వేరు. ముడులున్న చోట ముందు లక్క పాలిష్ ఒక చేయి (పూత) వేయండి, లేకపోతే ముడిలోని బంక ఎండకి కరిగి పెయింట్ మీద పసుపు మచ్చగా తేలుతుంది. తర్వాత వుడ్ ప్రైమర్, 220 కాగితం, రెండు చేతులు సింథటిక్ ఎనామిల్. ఇక్కడ కూడా పలకల అడుగు, కాళ్ళ అడుగు వదలొద్దు. లేత రంగు వేస్తే ఎండకి తక్కువ కాగుతుంది, పగుళ్ళు నెమ్మదిస్తాయి.

పెట్టాక

కుండీ అడుగున మూడు చిన్న టైలు ముక్కలు పెట్టి కొంచెం ఎత్తండి, పలకకి గాలి తగులుతుంది. కింద ప్లేట్లు పెడితే వాటికీ అదే ఏర్పాటు, ప్లేట్లో నీళ్ళు మాత్రం నిలవనివ్వకండి, దోమలకి అంతకన్నా మంచి చోటు దొరకదు. కర్ర పాడవుతుందని పలకల మీద ప్లాస్టిక్ షీటో పాత ఫ్లెక్సీయో పరిచేవాళ్ళున్నారు. దాని కింద తడి వారాల తరబడి ఉంటుంది, కర్రని కాపాడబోయి కుళ్ళబెట్టినట్టు అవుతుంది.

బరువైన కుండీలు కింది మెట్టు మీద, తేలికవి పైన. ఏటా మృగశిర కార్తె లోపు కుండీలు దించి, ఒక చెంచా నీళ్ళు పలక మీద చల్లి చూడండి. బొట్లుగా నిలిస్తే ఇంకో ఏడాది ఆగొచ్చు, ఇంకిపోతే 180 కాగితంతో తేలిగ్గా రుద్ది ఒక పూత పూసేయండి. ఎండ తగిలే వైపు టేకు బూడిద రంగుకి తిరుగుతుంది. అది రంగు మారడమే, బలం తగ్గదు, నాకైతే ఆ రంగే నచ్చుతుంది.

మీరు అడగలేదు కానీ, స్టాండ్‌ను రెయిలింగ్‌కి ఆనించి పెట్టొద్దు. మూడు మెట్ల స్టాండ్ అంటే పిల్లల కళ్ళకి నిచ్చెనే. మూడున్నర అడుగుల రెయిలింగ్ పక్కన రెండడుగుల మెట్టు ఉంటే, దాని మీద నిలబడ్డ పిల్లవాడికి అడ్డం మిగిలేది అడుగున్నరే. ఇంటి గోడ వైపే పెట్టి, వెనక కాళ్ళని ఎల్ క్లాంపులతో గోడకి బిగించండి. గోడకీ కాళ్ళకీ మధ్య అంగుళం ఖాళీ వదిలేలా చిన్న చెక్క ముక్క అడ్డం పెడితే వెనక వైపు కూడా ఆరుతుంది. మీ ఇంట్లో పిల్లలు లేకపోయినా, వచ్చే చుట్టాల పిల్లలు ఉంటారు.